క్రైస్తవులు, ముస్లింలు ఎందుకు తగవు పడుతున్నారు? కూర్చుని మాట్లాడుకుంటే తీరుతుందా?

పాలకొల్లు దగ్గర నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ చర్చి యూత్ గ్రూపులోకి నైజీరియాలో క్రైస్తవులను చంపుతున్న వీడియో ఒకటి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న ముస్లిం స్నేహితుడికి దాన్ని పంపి "దీనికేమంటావు?" అని అడిగారు. ఆ అబ్బాయి గాజా ఫోటోలు పంపి "మరి దీనికి?" అన్నాడట. రెండు నెలలుగా మాటల్లేవు. ఈ రెండు మతాలకూ అసలెందుకు పడదు, సర్వమత సమావేశాల వల్ల ఏమైనా మారుతుందా లేక అవి ఫోటోల కోసమేనా అని ఆయన బాధ.

నేను భీమవరం దగ్గర లూథరన్ మిషన్ బడి పంతులు గారింట్లో పుట్టాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాను. సర్వీసులో ఉండగానే సెలవు పెట్టి హైదరాబాదులోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి ఇస్లాం గురించి చదువుకున్నాను. ఆ సంస్థను 1930లో లాహోరులో పెట్టినప్పుడు ముస్లింల మధ్య సువార్త పని చేసేవాళ్ళకు శిక్షణ ఇవ్వడమే దాని పని. 1971లో హైదరాబాదు వచ్చింది. 1990లో పాతబస్తీ అల్లర్లు చూశాక, విడిపోయిన వాళ్ళను కలిపే పనిని నెత్తికెత్తుకుంది. రిటైరయ్యాక మన జిల్లాల్లో నేను చేస్తున్నదీ అదే. కాబట్టి చదివింది కొంత, చూసింది కొంత చెబుతాను.

ముందు ఆ వీడియో సంగతి. నైజీరియాలో క్రైస్తవులు చనిపోతున్నారన్నది అబద్ధం కాదు. 2014 ఏప్రిల్‌లో చిబోక్ బడి నుంచి బోకో హరామ్ అనే ఇస్లామిక్ తీవ్రవాద ముఠా ఎత్తుకుపోయిన 276 మంది ఆడపిల్లల్లో ఎక్కువమంది క్రైస్తవులే. ఇలాంటివాటిని తక్కువ చేసి మాట్లాడితే ఏ స్నేహమూ నిలబడదు. అయితే అదే బోకో హరామ్ తన మాట వినని ముస్లింలను కూడా వేల సంఖ్యలో చంపింది. మీ స్నేహితుడు పంపిన గాజాలో చనిపోయినవాళ్ళలో క్రైస్తవులూ ఉన్నారు. 2023 అక్టోబరులో అక్కడి సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణ మీద బాంబు పడినప్పుడు లోపల తలదాచుకున్న క్రైస్తవులు చనిపోయారు. మీరిద్దరూ ఒకరి మీదికి ఒకరు విసురుకున్న రెండు చోట్లా రెండు మతాల శవాలూ ఉన్నాయి.

మధ్య నైజీరియా కథ వేరు. జాస్ పట్టణం ఉన్న ప్లాటో రాష్ట్రంలో "స్థానికుడు" అనే సర్టిఫికెట్ లేకపోతే సర్కారు ఉద్యోగమూ, కాలేజీ సీటూ కష్టం. తరతరాలుగా అక్కడే కాపురమున్న హౌసా తెగ ముస్లింలకు ఆ కాగితం దొరకదు. స్థానికులు అనిపించుకున్నవాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులు. 2001 సెప్టెంబరులో జాస్‌లో ఊచకోత జరగడానికి ముందు వారాల తరబడి రగిలిన గొడవ, పేదరిక నిర్మూలన పథకానికి ఒక ముస్లింను అధికారిగా వేశారనే. పల్లెల్లో అయితే నీళ్ళు లేని ఉత్తరం నుంచి మందలు తోలుకొచ్చే ఫులానీ కాపరులకూ, సాగు పెంచుకుంటూ పోతున్న రైతులకూ తగవు. కాపరి ముస్లిం, రైతు క్రైస్తవుడు. మన దగ్గర గేదె చేలో పడితే బందెల దొడ్డికి తోలి జరిమానా కట్టించుకుంటాం. అక్కడ అలాంటి ఏర్పాట్లు కూలిపోయి, చేతికి తుపాకులొచ్చాయి.

2018 జూన్‌లో అదే ప్లాటో రాష్ట్రంలో కాపరుల దాడి జరుగుతుంటే ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తుకొచ్చిన 262 మంది క్రైస్తవులను అబూబకర్ అబ్దుల్లాహి అనే ముసలి ఇమాము తన ఇంట్లోనూ మసీదులోనూ దాచాడు. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, ఏడ్చి, లోపలికి వెళ్ళనివ్వలేదు. ఆ మసీదుకు అంతకు చాలా ఏళ్ళ ముందు స్థలం ఇచ్చింది ఆ ఊరి క్రైస్తవులే. మీకొచ్చిన వీడియోలో ఇది ఉండదు.

ఇండోనేషియాలోని అంబాన్ దీవిలో 1999 జనవరి 19న, రంజాన్ పండుగ రోజే, ఒక చిన్న బండి డ్రైవరుకూ ప్రయాణికుడికీ మాటా మాటా పెరిగింది. ఒకరు క్రైస్తవుడు, ఇంకొకరు ముస్లిం. సాయంత్రానికి ఇళ్ళు తగలబడ్డాయి. 2002 ఫిబ్రవరిలో మలినో శాంతి ఒప్పందం కుదిరేసరికి, అంబాన్ చుట్టూ ఉన్న మలుకు దీవుల్లో వేల మంది పోయారు. ఒక డ్రైవరుతో గొడవ మూడేళ్ళ యుద్ధం ఎలా అవుతుంది? అంతకు ముందే అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం పడిపోయింది, ధరలు మండిపోయాయి, బయటి దీవుల నుంచి వచ్చిన ముస్లిం వ్యాపారుల చేతికి బజారు పోయింది, చాలా కాలంగా క్రైస్తవుల చేతిలో ఉన్న ఆఫీసు ఉద్యోగాలు చేజారుతున్నాయి. ఎండుగడ్డి ముందే పేర్చి ఉంది. ఇంకా బాధ ఏమిటంటే, ఆ దీవుల్లో 'పేలా' అని ఒక పాత కట్టుబాటు ఉంది. ఒక క్రైస్తవ ఊరూ ఒక ముస్లిం ఊరూ అన్నదమ్ముల ఊళ్ళుగా ప్రమాణం చేసుకుని, ఒకరి మసీదు కట్టడానికి ఒకరు, ఒకరి చర్చి కట్టడానికి ఒకరు సాయం వెళ్ళేవారు. కొత్తగా వలస వచ్చినవాళ్ళు ఆ ప్రమాణంలో లేరు. గొడవ వచ్చినప్పుడు వాళ్ళను కలుపుకునే తాడు లేకపోయింది.

పాకిస్తాన్ సంగతి చెప్పినప్పుడు మాత్రం మన డెల్టా వాళ్ళకు నేను అనువదించి చెప్పాల్సిన అవసరం రాదు. 2009 జూన్‌లో పంజాబులోని ఒక పల్లెలో కూలికి పళ్ళు కోస్తున్న ఆసియా బీబీ అనే క్రైస్తవ స్త్రీ మంచినీళ్ళు తెచ్చింది. ఆ గిన్నె ముట్టుకుంటే మాకు పనికిరాదని తోటి కూలీలు అన్నారు. మాటలు పెరిగాయి. కొన్ని రోజులకు అది దైవదూషణ కేసు అయింది, 2010లో ఉరిశిక్ష పడింది. ఆమె తరఫున మాట్లాడిన పంజాబు గవర్నరు సల్మాన్ తాసీర్‌ను, మంత్రి షాబాజ్ భట్టీని 2011లో కాల్చి చంపారు. మొదటివారు ముస్లిం, రెండోవారు క్రైస్తవుడు. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెను నిర్దోషి అంది. ప్రపంచమంతా దీన్ని రెండు మతాల తగవుగా చదివింది. నేను చదివినప్పుడు నాకు మా మేనత్త కనబడింది. పంజాబు క్రైస్తవుల్లో ఎక్కువమంది పూర్వం పాకీపని చేయించిన కులం నుంచి మారినవాళ్ళు. గిన్నె మైలపడిందన్న మాట ఇస్లాం గ్రంథంలోది కాదు, అది కులం. మన ఊళ్ళలో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఎవరికైనా అది తెలిసిపోతుంది. చట్టం మతం పేరుతో ఉంది కాబట్టి కులం మాట మతం కేసుగా మారి ఆమె మెడకు చుట్టుకుంది. ఆ చట్టం తప్పు అని చెప్పడానికి నేను మొహమాటపడను.

ఇంకో పెద్ద కారణం లెక్కల భయం. లెబనాన్‌లో అధ్యక్షుడు మారోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా అని పంచుకున్నారు. పార్లమెంటు సీట్లు 1989 దాకా ఆరు క్రైస్తవులకైతే ఐదు ముస్లింలకు ఉండేవి, ఆ తర్వాత సమానం చేశారు. ఆ వాటాలకు ఆధారం 1932 జనాభా లెక్క. ఆ తర్వాత మళ్ళీ లెక్క తీయలేదు, తీస్తే వాటాలు మారతాయని. 1975 నుంచి 1990 వరకు అంతర్యుద్ధం. మతానికి సీటు ముడిపెడితే పక్కింట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఒక ఓటుగా కనబడుతుంది.

చరిత్ర గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని అందరూ తమకు కావలసిన చోట నుంచే మొదలుపెడతారు. క్రైస్తవులు ముస్లిం సైన్యాలు క్రైస్తవ రాజ్యాన్ని ఓడించిన 636 యర్మూక్ దగ్గర, 1453 కాన్‌స్టాంటినోపుల్ దగ్గర. ముస్లింలు 1099లో క్రూసేడర్లు అనే యూరప్ క్రైస్తవ సైనికులు జెరూసలేంలో చేసిన ఊచకోత దగ్గర, ఆ తర్వాత వలసపాలన దగ్గర. రెండూ నిజాలే. కానీ 1204లో క్రూసేడర్లు దోచుకున్నది క్రైస్తవ కాన్‌స్టాంటినోపుల్‌నే అన్నదీ నిజమే. నన్ను ఇబ్బంది పెట్టేది ఒక మాట. మన డెల్టాలో బహిరంగ సువార్త సభకు "క్రూసేడ్" అని పోస్టరు వేస్తాం. వేసేవాళ్ళ మనసులో యుద్ధం లేదు, స్వస్థత ప్రార్థనలే ఉన్నాయి. అయినా ఉర్దూ పుస్తకాలు చదివిన ఒక మౌల్వీ గారు ఆ పోస్టరు ముందు నిలబడి నన్ను అడిగారు: "మాస్టారూ, మా మీదికేనా?" నేను వివరించాను, ఆయన నమ్మారు. ఆయన జిహాద్ అంటే మొదటి అర్థం తనతో తాను చేసే ప్రయాస అని చెబితే నేనూ నమ్మాను. పోస్టరు మీద "సువార్త సభలు" అని వేస్తే మనకు పోయేదేమీ లేదని అప్పటి నుంచి ప్రతి పాస్టరు గారితోనూ చెబుతున్నాను. కొందరు మార్చారు.

అన్నీ భూమి, నీళ్ళు, ఉద్యోగాలే, మతానిదేమీ లేదు అని కొందరు మేధావులు అంటారు. నేను ఒప్పుకోను. సిద్ధాంతంలో తేడా ఉంది, అది చిన్నది కాదు. ఖురాన్ ఈసాను, అంటే యేసును, కన్య మర్యమ్‌కు పుట్టిన మసీహ్ (మెస్సీయ) అంటుంది, ఆ తల్లి పేరుతో ఒక అధ్యాయమే ఉంది. కానీ ఆయనను సిలువ వేయలేదని నాలుగో సూరా (అధ్యాయం) 157వ వాక్యం. సిలువ తీసేస్తే నాకు విశ్వాసమే లేదు. వాళ్ళకు దేవునికి కుమారుడు అనడమే పాపం. ముహమ్మద్ ప్రవక్త గురించి నేను వాళ్ళలా చెప్పలేను. పైగా రెండూ చాటిచెప్పే మతాలు, ఒకరు సువార్త అంటారు, ఇంకొకరు దావా, అంటే ఇస్లాంలోకి పిలుపు, అంటారు. మతం మారినవాడి మీద కోపం అక్కడే పుడుతుంది. చాలా ముస్లిం దేశాల్లో ఇస్లాం వదిలితే శిక్షలున్నాయి. మా క్రైస్తవ ఇళ్ళల్లో పిల్ల ముస్లింను పెళ్ళి చేసుకుంటే ఆమె బతికుండగానే ఏడ్చేసినవాళ్ళను చూశాను. వచ్చేవాడికి తలుపు తీసి, పోయేవాడికి గడియ పెట్టడం ఎవరు చేసినా అన్యాయమే. సంభాషణ అంటే ఈ తేడాలు చెరిపేయడం అనుకుంటే అది మొదటిరోజే చచ్చిపోతుంది.

మన దగ్గర ఈ రెండు మతాల మధ్య అసలైన సంభాషణ ఎక్కడ జరుగుతోందో తెలుసా? కువైట్ వంటగదుల్లో. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళారో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ళలో చాలామంది చర్చికి వెళ్ళే దళిత కుటుంబాల వాళ్ళు. మా చిన్నమ్మ కూతురు పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఉంది. యజమానురాలు రంజాన్ ఉపవాసముంటే ఈమె ఇఫ్తార్ వండేది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో ఈమె ఒంటిపూట తింటే ఆ యజమానురాలు గమనించి, సాయంత్రం దాకా వంటపని తగ్గించేది. శుక్రవారం సెలవు కాబట్టి తెలుగు ఆరాధన శుక్రవారమే, కువైట్ సిటీ చర్చి కాంపౌండులో ఒక భాష వాళ్ళు దిగగానే ఇంకో భాష వాళ్ళు ఎక్కేవారు. పక్క హాల్లో అరబ్ క్రైస్తవులు దేవుణ్ణి "అల్లా" అని పిలిచి ప్రార్థిస్తుంటే మొదటిసారి విని గుండె ఆగినంత పని అయిందట. "అన్నయ్యా, వాళ్ళ బైబిల్లోనూ అదే మాట" అని ఫోన్‌లో చెప్పింది. కష్టాలు లేవని కాదు. పాస్‌పోర్టు లాక్కున్న యజమానులున్నారు, జీతం ఎగ్గొట్టినవాళ్ళున్నారు, దెబ్బలు తిని తిరిగొచ్చిన అమ్మాయిలూ ఉన్నారు. వాళ్ళ కోపం ఇస్లాం మీదికి మళ్ళుతుంది. నేను వాళ్ళకు చెప్పేది, అదే ఇళ్ళల్లో బంగ్లాదేశ్ ముస్లిం అమ్మాయిలకూ అదే జరుగుతోందని. పనిమనిషిని యజమానికి కట్టేసే కఫాలా పద్ధతి అది. ఇంత అనుభవం మన ఆడవాళ్ళ దగ్గర ఉంటే, సర్వమత సమావేశం వేదిక మీద మాత్రం మగవాళ్ళం ఐదుగురం శాలువాలు కప్పుకుని కూర్చుంటాం.

నేను స్వయంగా తల పెట్టిన ఒక తగవు చెబుతాను, ఊరి పేరు వద్దు. ఒక పేటలో మసీదుకూ ప్రార్థన మందిరానికీ మధ్య నాలుగిళ్ళు. మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన, పదకొండు నుంచి రెండు దాకా సౌండ్ బాక్సులు. మసీదులో ఒంటిగంటకు జుమా నమాజు. ఒకరి పాట ఒకరి ఖుత్బా (ప్రసంగం) మీద పడేది. ఇద్దరూ శబ్దం పెంచుకుంటూ పోయారు, ఒకరోజు కుర్రాళ్ళు వైర్లు కోశారు. పోలీసులు శాంతి కమిటీ వేశారు, నన్ను పిలిచారు. నేను మర్యమ్ సూరా, కొండమీద ప్రసంగం కలిపి అరగంట మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి శుక్రవారం బాక్సులు ఇంకో రెండు పెరిగాయి.

అప్పుడు ఇళ్ళకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. మూడో వారానికి గాని అసలు సంగతి బయటపడలేదు. ఊరి చివర పంట కాలువ గట్టు పక్కన ఖబరస్తాన్, దాని పక్కనే క్రైస్తవుల సమాధుల తోట. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చి నేల ధర ఆకాశానికెక్కింది, గట్టు వారన మిగిలిన పోరంబోకు ముక్క కోసం ఇద్దరూ అర్జీలు పెట్టారు. ఒకరికి ఇస్తామని ఒక నాయకుడు, ఇంకొకరికి ఇస్తామని ఇంకో నాయకుడు మాట ఇచ్చి ఉన్నారు. చనిపోయినవాళ్ళకు ఆరడుగుల నేల దొరుకుతుందా అన్న టెన్షన్ శుక్రవారం మైకులో వినిపిస్తోంది, అంతే. మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లి గారూ, మందిరం పెద్దగా ఉన్న రిటైర్డ్ పంతులు గారూ, నేనూ ఒక ఉదయం టేపు పట్టుకుని గట్టు కొలిచాం. ముక్కను సగం చేశాం, మధ్యలో గోడ వద్దు మురుగు బోదె చాలనుకున్నాం. ఆ కాగితం ఆఫీసులో ఏడాదిన్నర తిరిగింది, ఆ ఏడాదిన్నర నాకు నిద్ర లేదు. కానీ శుక్రవారం ఒంటిగంట నుంచి గంటసేపు బాక్సులు ఆపడానికి పాస్టరు గారు ఆ నెలలోనే ఒప్పుకున్నారు. ఆ గంట మౌన ప్రార్థన చేసుకుంటున్నారు. తర్వాత ఆగస్టులో పెద్ద వాన పడి సమాధుల తోట దారి నడుములోతు మునిగింది. ఆ రోజే పేటలో ఒక ముసలావిడ పోయింది. ఖబరస్తాన్ మెరక. వాళ్ళు గేటు తీసి పెట్టెను తమ నేల మీదుగా తీసుకెళ్ళనిచ్చారు. గోతిలో ఊరిన నీళ్ళు తోడడానికి ఇంజను తెచ్చింది కూడా వాళ్ళ కుర్రాళ్ళే.

పెద్ద స్థాయిలో జరిగేవాటికి విలువ లేదని కాదు. 1965లో కాథలిక్ సంఘం వారి రెండో వాటికన్ సభ ముస్లింల పట్ల గౌరవం ప్రకటించింది. పోప్ బెనెడిక్ట్ 2006లో చేసిన ఒక ప్రసంగం మీద గొడవలు జరిగితే, మరుసటేడు 138 మంది ముస్లిం పండితులు కోపంతో కాక, దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు అన్న రెండు ఆజ్ఞల మీద కలుద్దామని ఉత్తరం రాశారు. 2019లో పోప్ ఫ్రాన్సిస్, కైరోలోని ఇస్లాం విద్యాపీఠం అల్ అజ్‌హర్ పెద్ద అహ్మద్ అల్ తయ్యిబ్ అబుదాబిలో మానవ సోదరత్వం మీద కలిసి సంతకం పెట్టారు. కాకపోతే ఆ కాగితాలు మన పేటల దాకా రావు. ఇక్కడికి వచ్చేది యూట్యూబ్ వాదాలు. దానికి పాత వంశమే ఉంది. 1854లో ఆగ్రాలో ఫాండర్ అనే మిషనరీ, రహమతుల్లా కైరానవీ అనే మౌలానా జనం ముందు వాదించుకున్నారు. ఇద్దరి పక్షాలూ గెలిచామనే చెప్పుకున్నాయి. నాకు నచ్చింది అంతకు వెయ్యేళ్ళ ముందుది. బాగ్దాదులో ఖలీఫా మహదీకీ, తూర్పు క్రైస్తవ సంఘం పెద్ద తిమోతికీ రెండు రోజుల మాట. తిమోతి తన నమ్మకం దాచుకోలేదు. కానీ చీకటింట్లో ముత్యం పడిపోతే ప్రతివాడూ తన చేతిలోదే ముత్యమనుకుంటాడని, వెలుగొచ్చాక తెలుస్తుందని చెప్పాడు. తన చేతిలోదే ముత్యమని నమ్ముతూనే పక్కవాడి పిడికిలి విరవలేదు.

ఇది కొట్టుకున్నవాళ్ళకూ సాధ్యమే. నైజీరియాలోనే కదునా పట్టణంలో ఇమాం అషఫా, పాస్టర్ జేమ్స్ వుయే 1990ల మొదట్లో ఎదురెదురు ముఠాల్లో ఉన్నారు. ఆ గొడవల్లో పాస్టరుకు చేయి పోయింది, ఇమాముకు గురువూ ఇద్దరు బంధువులూ పోయారు. 1995లో కలిసి ఒక మధ్యవర్తిత్వ కేంద్రం పెట్టారు. ఒకరినొకరు నమ్మడానికి ఇంకా ఏళ్ళు పట్టిందని వాళ్ళే చెబుతారు. అంబాన్‌లో 2011లో మళ్ళీ పుకార్లు లేస్తే, రెండు మతాల యువకులు కలిసి ఏ వీధిలో ఏమీ జరగలేదో ఫోన్లలో మెసేజులు, ఫోటోలు పంపి మంట ఆర్పారు. మన యూత్ గ్రూపులు చేయగలిగినది ఇదేనని నా ఆశ.

మన దగ్గర ఇద్దరికీ ఉమ్మడి కష్టం ఒకటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మతం మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. కోర్టులో కేసు ఏళ్ళ తరబడి నడుస్తోంది. చర్చికి వెళ్తూ సర్టిఫికెట్‌లో ఇంకోటి రాయించుకునే కుటుంబాల నొప్పి నాకు తెలుసు. ఈ ఒక్క విషయం మీద రెండు సంఘాల పెద్దలూ ఒక అర్జీ కలిసి రాయడం నేను మన జిల్లాల్లో ఇంకా చూడలేదు.

తమ్ముడూ, మీ విషయానికొస్తే. ఆ అబ్బాయికి ఇంకో వీడియో గానీ, జవాబు గానీ ఫోన్‌లో పంపకండి. ఇంటికి వెళ్ళండి, వాళ్ళ అమ్మగారు ఉండే వేళ వెళ్ళండి. నైజీరియా వాళ్ళ గురించి మీరు నిజంగా బాధపడ్డారని చెప్పండి, గాజా గురించి ఆయన చెప్పేది మధ్యలో అడ్డుకోకుండా వినండి. ఖురాన్ ఐదో సూరా 82వ వాక్యం క్రైస్తవుల గురించి ఏమంటుందో ఆయన్నే తెలుగులో చదివి వినిపించమనండి. మక్కాలో హింస పడలేక పారిపోయిన మొదటి ముస్లింలకు నీడనిచ్చింది అబిసీనియా (నేటి ఇథియోపియా ప్రాంతం) క్రైస్తవ రాజు నజాషీ అని, ఆయన ముందు వాళ్ళు చదివింది మర్యమ్ సూరా అని ఆ అబ్బాయికి తెలిసే ఉంటుంది. అడిగితే చెబుతాడు. ఆ వీడియో గ్రూపులో పెట్టినవారిని, అది ఏ ఊరిది, ఏ సంవత్సరానిది అని కూడా ఒకసారి అడిగి చూడండి. వాళ్ళేమన్నారో నాకు రాయండి. మీరిద్దరూ ఒప్పుకుంటే పాలకొల్లు వచ్చి కూర్చుంటాను.